మంచాల కొట్టుకి వీడియో ప్లాను

నేను ముప్ఫై ఏళ్ళుగా నర్సీపట్నంలో ఆటో ప్రచారాలకి గొంతు ఇస్తున్నాను. చీరల మీద తగ్గింపు ధరలు, కంటి పరీక్షల శిబిరాలు, కొత్తగా తెరిచిన టిఫిన్ హోటళ్ళు, పన్నులు కట్టాల్సిన గడువులు, మనుషుల చావులు, అన్నీ నా నోటి మీదుగానే ఈ ఊరి వీధుల్లో తిరిగాయి. నేను ఇంట్లో కూర్చుని రికార్డు చేసి ఇస్తాను, ఆటో పైన రెండు మైకులు కట్టుకుని డ్రైవరు తిరుగుతాడు. అందువల్ల నా గొంతు తెలిసినవాళ్ళలో నా మొహం తెలిసినవాళ్ళు చాలా తక్కువ. బజారులో నా పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటున్న ఆవిడ, రోడ్డు మీద నా గొంతు వినబడితే తల తిప్పి ఆటో వైపు చూస్తుంది. నా వైపు చూడదు. చాలాకాలం నేను దీన్ని గొప్పగానే చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ ఆటోలు తగ్గిపోయాయి. చీరల కొట్టువాళ్ళు సేల్స్‌లో ఉన్న అమ్మాయిలకే చీరలు కట్టించి ఫోన్లో వీడియోలు తీస్తున్నారు. హోటలువాళ్ళు దోసె మీద వెన్న కరగడం చూపిస్తున్నారు, వెనకాల పాటే గాని ఒక్క మాట ఉండదు. ఒక్కో కొట్టూ నాకు ఫోన్ చేయడం మానేసింది. మానేస్తున్నామని ఎవరూ చెప్పలేదు, అదొక మర్యాద కాబోలు. చివరికి ఒక్క మంచాల కొట్టు మిగిలింది. మంచాలు, బీరువాలు, సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీలు అమ్మే పెద్ద కొట్టు. తండ్రి కూర్చున్న రోజుల నుంచీ ఆ కొట్టు ప్రచారం నాదే. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నన్ను బాబాయ్ అంటాడు.

ఈ మధ్య ఒకరోజు పొద్దున్నే అతను ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇంక ఆటో ఆపీద్దాం. రోడ్డు మీద ఎవుడింటన్నాడు? అందరూ వీడియోలే సూస్తన్నారు. వైజాగు నుంచి ఒక కంపెనీవోళ్ళొచ్చి మాట్లాడేరు."

"మరి నన్నేటి సెయ్యమంటావు?" అన్నాను. మైకులో పుస్తకం భాష మాట్లాడతాను గాని, బయట నాదీ ఈ ఊరి మాటే.

"నువ్వో ప్లాను రాసి తెచ్చీ. ఏ వీడియో ఎప్పుడెయ్యాల, అందులో ఏటి సెప్పాల, అదంతాను. నీ ప్లాను బాగుంటే నీ సేతే సెయ్యిస్తాను. నేదంటే ఆళ్ళకిచ్చీడమే. శనారం లోపల బేగి తెచ్చీ బాబాయ్."

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. నా చేత పరీక్ష రాయిస్తాడా? వీడు నిక్కరు వేసుకుని గల్లాపెట్టె దగ్గర నిద్రపోయే రోజుల్లో ఈ ఊళ్ళో డబుల్ కాట్ అన్న మాట నేర్పింది నేను. కాఫీ పెట్టుకుని, తాగకుండా వదిలేసి, ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. కోపం పావుగంటలో తగ్గింది. తగ్గాక భయం వేసింది.

తిండికి లోటు లేదు, ఇల్లు సొంతం. భయం దాని గురించి కాదు. నా భార్య పోయి నాలుగేళ్ళయింది, మాకు పిల్లల్లేరు. పాల ప్యాకెట్టు గేటుకి తగిలించి పోతారు, కరెంటు బిల్లు ఫోన్లో కట్టేస్తాను, గ్యాసు కూడా అంతే. ఆ కొట్టతను వారానికి రెండుసార్లు ఫోన్ చేసి ఈసారి ఇలా చెప్పు అంటాడు, నేను కాదంటాను, అతను అవునంటాడు, అలా పది నిమిషాలు. తర్వాత డ్రైవరు పెన్ డ్రైవు కోసం వచ్చి ఊరి కబుర్లు చెబుతాడు. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదవడం తప్పిస్తే నా వారం మొత్తం మీద మాటలంటే ఇవే. ఈ ఒక్క కొట్టూ పోతే మిగతా ఆరు రోజులూ నేను నోరు తెరవాల్సిన అవసరం ఉండదు.

కాబట్టి ప్లాను రాయడానికి కూర్చున్నాను.

రికార్డింగు చేసే గది ఇంటి వెనక భాగంలో ఉంది. గొంతు మోగకుండా నాలుగు గోడలకీ పాత బొంతలు కట్టి ఉంటాయి, కిటికీ మూసే ఉంటుంది. ఆ గదిలో కూర్చుంటే గాని నాకు బుర్ర పనిచెయ్యదు. గీతల పొడుగు పుస్తకం ఒకటి తెరిచి, పైన వీడియో ప్లాను అని రాసి, కింద ఏం రాయాలో తెలియక గంట సేపు కూర్చున్నాను. చివరికి నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను.

ఆటో ప్రచారానికి ఒక పద్ధతి ఉంది. బండి ఆగదు, వినేవాడూ ఆగడు. ఒక గుమ్మం ముందు నుంచి ఆటో దాటేలోగా మనకి దొరికేది ఎనిమిది, పది సెకన్లు. గుమ్మంలో నిలబడ్డ మనిషి చెవిన మొదలు పడిందో, మధ్య పడిందో, చివర పడిందో మనకి తెలియదు. ఎక్కడ విన్నా కొట్టు పేరు, ఉన్న చోటు, అమ్మే వస్తువు మూడూ తగలాలి. అందుకే ప్రతి ముక్కా మూడుసార్లు చెబుతాం. ఇది వినేవాళ్ళకి విసుగ్గా ఉంటుందనుకుంటారు గాని, ఎవరికీ మూడుసార్లూ వినబడదు. ఇక రెండోది దారి. ఏ వేళకి ఏ రోడ్డులో ఎవరుంటారో తెలియకుండా ఆటో తిప్పితే డీజిలు దండగ.

అందుకని నేను దారులు రాశాను. చింతపల్లి రోడ్డు, మధ్యాహ్నం రెండు దాటాక. కొండల మీదికి పోయే బస్సు కోసం సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. వీళ్ళు ఇవాళ బీరువా కొనరు, తీసుకుపోలేరు. బస్సు పైన కట్టగలిగేవి చెప్పాలి, మడత మంచం, కుర్చీలు. ఆర్డీవో ఆఫీసు దగ్గర, పదకొండు గంటలు. సర్టిఫికెట్ల కోసం వచ్చి సారు కోసం ఎదురుచూస్తుంటారు. వీళ్ళకి బోలెడు టైము, సోఫా సెట్టు గురించి ఎంతసేపు చెప్పినా వింటారు. తుని రోడ్డు, సాయంత్రం. కొత్తగా ఇళ్ళు లేస్తున్న వైపు. మొగుడూ పెళ్ళాం బండి మీద వచ్చి గోడలకి నీళ్ళు కొట్టుకుంటుంటారు. వీళ్ళకి డబుల్ కాట్. అలా వారం మొత్తానికి ఏడు దారులు రాసి, ప్రతి దారికీ ఒక వీడియో పెట్టాను. రాసినదాన్ని పైకి చదువుకుంటే బాగానే ఉందనిపించింది.

అయినా వీడియోలు కదా, జనం వాటిని ఎలా చూస్తారో ఒకసారి కళ్ళారా చూద్దామని మర్నాడు మోపెడ్ మీద బయలుదేరాను. బస్ కాంప్లెక్సులో కూర్చున్నవాళ్ళలో ముప్పాతిక మందికి తల కిందికే ఉంది. బొటనవేలు పైకి తోస్తూ ఉంటారు, ఒక్కోదాని దగ్గరా రెండు సెకన్లు. నా ఎనిమిది సెకన్లే నయమనిపించింది. సిమెంటు బల్ల మీద నా పక్కన కూర్చున్న ఒకావిడ చేతిలో ఫోన్లో ఎవరో ఏదో అమ్ముతున్నట్టుంటే, ఏం చెబుతున్నారో విందామని కొంచెం వంగాను.

"ఏటండీ అలగ తొంగి సూస్తన్నారు? పెద్దోరై ఉండీ," అంది ఆవిడ, ఫోన్ గుండెకి ఆనించుకుని.

"టైమెంతయిందో సూద్దామని అమ్మా," అన్నాను.

ఆవిడ నా చేతికున్న వాచీని చూసింది. నేను ఫలానా అని చెబుదామనిపించింది. మీ వీధిలో తిరిగే మంచాల కొట్టు ఆటోలో మాట్లాడేది నేనేనమ్మా, అని. చెప్పినా నమ్మేది కాదు, నమ్మినా దానివల్ల నా బుద్ధి మంచిదని తేలదు. లేచి వచ్చేశాను.

శనివారం పుస్తకం తీసుకుని కొట్టుకి వెళ్ళాను. అతను మొదటి పేజీ చదివి నవ్వాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి.

"ఏటి బాబాయ్ ఇది? ఫోన్ల రోడ్లేటి? సూసీవోడు ఏ రోడ్డు మీదుంటే మనకేటి? వీడియో పెడితే అన్ని రోడ్లకీ ఒకేసారి ఎల్లిపోద్ది."

అంత చిన్న విషయం నాకు తట్టలేదు. మూడు రోజులు కూర్చుని ఫోనుకి రూటు వేశాను. నా మొహం చూసి అతను జాలిపడినట్టున్నాడు, సర్లే, ఒక వీడియో తీసి చూద్దాం అని లేచాడు. నన్ను ఒక టేకు మంచం పక్కన నిలబెట్టి, తనే ఫోన్ పట్టుకున్నాడు. సేల్స్ వాళ్ళని పంపేసి షట్టరు సగం దించాడు. అది నా పరువు కోసం చేశాడని అర్థమైంది.

నేను మొదలుపెట్టాను. కొట్టు పేరు, చోటు, వస్తువు. మళ్ళీ కొట్టు పేరు, చోటు, వస్తువు.

"ఆగు బాబాయ్. సెప్పిందే సెప్తన్నావేటి? ఒకసారి సాలు. కావాలంటే ఆళ్ళే ఎనక్కి తిప్పుకుంటారు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఒకసారే చెప్పాలనుకుంటే నాకు మాట అడుగు తీసి అడుగు వెయ్యలేదు. రెండోసారి ఉందన్న ధీమా లేకుండా ఎలా చెప్పాలో తెలియలేదు.

"కళ్ళు మూసీసుకున్నావేటి?" అన్నాడతను.

"మూసీనేదే."

అతను ఫోన్ నా చేతికిచ్చి చూపించాడు. నిజమే. మంచం పక్కన తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ నరాలు పొంగేలా ఎవరికో కేకేస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు కిటికీ మూసిన గదిలో కళ్ళు మూసుకునే మాట్లాడానన్నమాట. ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఆ గదిలో ఎవరున్నారు? నా మొహం నాకే బాగోలేదు. అతను మరో నాలుగుసార్లు తీశాడు. కళ్ళు తెరిస్తే మాట పోతోంది, మాట వస్తే కళ్ళు మూతపడుతున్నాయి.

చివరికి అతను ఒక కాగితం ఇచ్చాడు. వైజాగు కంపెనీవాళ్ళు పంపిన ఫారం. అందులో చాలా ప్రశ్నలున్నాయి గాని ఒకదాని కింద అతను గీత గీశాడు. మీ వీడియో చూసే మనిషి ఎవరు? ఒక్క మనిషిని ఊహించుకుని రాయండి. వయసు, ఇల్లు, రోజులో ఎప్పుడు తీరిక దొరుకుతుంది, మీ మాట వినగానే ఏం చేస్తారు.

"ఇది రాసి తెచ్చీ బాబాయ్, సోమారానికి. నువ్వు మనుషుల్ని బాగా గమనిస్తావు. దీన్లో నిన్ను కొట్టీవోడుండడు," అన్నాడు. నన్ను ఉత్సాహపరచడానికే అన్నాడు. అయినా దారంతా ఆ మాట నెమరేసుకుంటూ వచ్చాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, గదిలో కూర్చున్నాను. మా సంఘంలో చిన్నప్పటి నుంచీ ప్రకటనలు చదివేది నేనే. ఎవరింట్లో ప్రార్థన కూటం, ఎవరికి ఒంట్లో బాగోలేదు, అన్నీ చదువుతాను. ఆ రోజు కూడా చదివి వచ్చాను. గొంతు బాగా తెరుచుకుని ఉంది. ఫారం ముందు పెట్టుకుంటే, ఇంతకుముందు పట్టినంత సేపు పట్టలేదు, కలం దానంతటదే నడిచింది.

వయసు యాభై దాటింది అని రాశాను. ఆడమనిషి. వీధి మొదట్లో ఆటో గొంతు వినగానే స్టవ్వు తగ్గిస్తుంది. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వస్తుంది. పొద్దున్నే ఆ మాటలన్నీ ఇంట్లో విన్నవే అయినా, కొత్తగా విన్నట్టు వింటుంది. ఆటో మలుపు తిరిగేదాకా లోపలికి పోదు. సాయంత్రం ఒక మాట అంటుంది. ఇంత రాసి ఆగిపోయాను. ఆ సాయంత్రం మాట నాకు బాగా గుర్తుంది. "ఇయ్యాల మనీదిలోంచి బేగి ఎల్లిపోనాది మీ ఆటో. సగమే ఇన్నాను," అనేది. ఆ మాట విన్నాక నేను డ్రైవరుకి చెప్పాను, మా వీధికి వచ్చేసరికి కాస్త నెమ్మదిగా పోనియ్యమని. ఎందుకని అతను అడగలేదు.

ఆమె పోయినప్పుడు ఆ ప్రచారం కూడా నేనే చదివాను. ఊళ్ళో ఇంకెవరున్నారు చదవడానికి? బొంతల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఫలానా వీధి నివాసి శ్రీమతి ఫలానా గారు ప్రభువునందు నిద్రించారు, మధ్యాహ్నం మూడు గంటలకు భూస్థాపన జరుగును అని చెప్పాను. నా పెళ్ళాన్ని గారు అన్నాను. నన్ను ఆమె భర్త అన్నాను. ప్రతి ముక్కా మూడుసార్లు. గొంతు వణకలేదు, అది నా వృత్తి. ఊరంతా విన్నారు, చదువుతున్నవాడే ఆ భర్త అని మా సంఘంవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆటో మా వీధిలోకి వచ్చినప్పుడు డ్రైవరు అలవాటు కొద్దీ నెమ్మది చేశాడు. గుమ్మంలో వచ్చినవాళ్ళ చెప్పులే ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను.

ఫారం కాగితాన్ని అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాను. అది వ్యాపారానికి పనికొచ్చే రాత కాదని నాకు ఆ క్షణంలో తెలియలేదంటే ఎవరూ నమ్మరు. నిజంగానే తెలియలేదు. మంచి ప్రచారం రాసినప్పుడు ఉండే తృప్తే ఉంది.

సోమవారం అతను ఆ కాగితాన్ని నిలబడి చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు.

"బాబాయ్, ఈవిడెవరు?"

నేను పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ సర్దాను.

"కాదు, బాగుంది గానీ. ఈవిడ మంచం కొంటాదా?"

అతనికి తెలియదు. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. అతను అడిగింది కొట్టువాడు అడగవలసిన ప్రశ్నే. ఇదంతా ఇప్పుడు అనుకుంటున్నాను గాని, అప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే వెళ్ళి కాగితం లాక్కుంది.

"కొనదు," అన్నాను. "ఈవిడకి మీ మంచాలక్కర్నేదు. ఆ వైజాగోళ్ళనే అడుగు, ఎవుత్తి కొంటాదో రాసిస్తారు."

గట్టిగానే అన్నానేమో, సోఫా బేరమాడుతున్నవాళ్ళు తిరిగి చూశారు. అతను బాబాయ్ బాబాయ్ అంటూ మెట్ల దాకా వచ్చాడు. నేను మోపెడ్ స్టార్టు చేసి వచ్చేశాను. దారుల పుస్తకం అతని బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు ఫోన్ మోగలేదు. అతను చేస్తే ఏమనాలో సిద్ధంగా పెట్టుకున్నాను. మొదటి రోజు కోపంగా అనాల్సినవి, రెండో రోజు కొంచెం మెత్తగా అనాల్సినవి. డ్రైవరూ రాలేదు, అతనికి ఇవ్వడానికి పెన్ డ్రైవు లేదు కదా. నాలుగో రోజు పొద్దున్న టిఫిన్ బండి దగ్గర ఏం కావాలని అడిగితే ఇడ్లీ అనబోయాను. గొంతులోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు. దగ్గి, మళ్ళీ అనాల్సి వచ్చింది. మూడు రోజులుగా నేను ఒక్క మాట కూడా పైకి అనలేదని అప్పుడు తెలిసింది. ఇడ్లీ పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చాలా భయం వేసింది. పౌరుషం ఎవరి మీద చూపించుకున్నానో అర్థం కాలేదు.

ఇంటికి పోకుండా తిన్నగా కొట్టుకి వెళ్ళాను.

అక్కడ అతనితో పాటు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి, వైజాగు కంపెనీ తరఫున వచ్చిందట, వీడియోల్లో మాట్లాడేది ఆమేనట. నా పుస్తకం ఆమె ఒళ్ళో తెరిచి ఉంది. నన్ను చూసి అతను లేచాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసి, "ఎవులు కొంటారో ఆళ్ళనే రాసిస్తాను బాబూ. ఆ కాగితం సంగతి ఒగ్గీ," అన్నాను.

"అంకుల్, ఈ రోడ్లన్నీ మీరే రాశారా?" అంది ఆ అమ్మాయి. "బస్సు మీద కట్టుకుపోయే మనిషి వేరు, ఇల్లు కట్టుకునే మనిషి వేరు. మేము వీటినే సెగ్మెంట్లంటాం. మా ఆఫీసులో ఇలా విడదీయడానికి నెలరోజులు కొట్టుకుంటాం. నేను ఇవాళే మొత్తం చదివాను. రోడ్డు తీసేసి మనిషిని ఉంచితే ఇదే ప్లాను."

అతను నా వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. రోడ్లని చూసి నవ్విన నవ్వు గుర్తొచ్చి ఉంటుంది. నాకు ఒక్క నిమిషం ఛాతీ ఉబ్బింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

"ప్లాను నీదే బాబాయ్," అన్నాడతను. "ఏడు వీడియోలూ నువ్వు రాసినట్టే. మాటలు కూడా నీయే. కాకపోతే మాట్లాడ్డం మాత్రం..." ఆగాడు. "నీ గొంతు ఆటో గొంతు బాబాయ్. రోడ్డు మీద ఇంటే బాగుంటాది. ఫోన్ల పెడితే అరిసినట్టుంటాది. తప్పుగా అనుకోకు."

తప్పుగా అనుకోలేదు. పోయిన శనివారం ఆ వీడియోలో నన్ను నేను చూసుకున్నాను, అతను చెప్పింది నిజం. ఈ ఊరు ముప్ఫై ఏళ్ళు విన్న గొంతు ఈ ఊరికి ఇక అక్కర్లేదని అంత మర్యాదగా ఎవరూ చెప్పలేరు. నేను తలూపాను. ఆ అమ్మాయి నా నంబరు అడిగి, వీడియోల పని కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చింది. రోజూ పదింటికి ఒక వీడియో వస్తుంది, చూసి ఏమైనా ఉంటే చెప్పండి అంకుల్ అంది.

మొదటిది మడత మంచం వీడియో. ఆమె నా మాటలే చెప్పింది, నేను రాసిన వరుసలోనే, కళ్ళు తెరుచుకుని, నవ్వుతూ. బాగుంది. ఒప్పుకోవడానికి కాస్త కష్టమైనా బాగుంది. కాకపోతే కొట్టు ఎక్కడుందో చెప్పే చోట మాట తొక్కేసింది. కాంప్లెక్సు ఎదురుగా అన్నది ఎదుగా అని వినబడుతోంది. కొండల మీంచి మొదటిసారి వచ్చేవాడికి ఆ ఒక్క మాటే ముఖ్యం. గ్రూపులో మైకు గుర్తు నొక్కి ఆ సంగతి చెప్పాను. చెప్పినదాన్ని నేనే రెండుసార్లు విని, అరిచినట్టుందేమోనని చెరిపేసి, మెల్లగా మళ్ళీ చెప్పి పంపాను.

పదకొండు గంటలకి ఫోన్ మోగింది.

"అంకుల్, నేను. ఆ ఎదురుగా అన్న మాట ఎలా అనాలో ఒకసారి చెప్పరా?"

చెప్పాను. ముందున్న మాట తర్వాత చిటికెడు ఆగమన్నాను. ఆమె ఆగి, అంది. ఇంకొంచెం ఆగమన్నాను. మళ్ళీ అంది. ఇప్పుడు బాగుందా అంకుల్ అంది, బాగుందమ్మా అన్నాను. తిన్నారా అంకుల్ అని కూడా అడిగింది. తిన్నానని చెప్పాను, తినలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడాం. ఆమె పెట్టేశాక లేచి వంట చేసుకున్నాను, ఆ రోజు కూర కూడా వండాను.

మర్నాడు పదింటికి సోఫా వీడియో వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. బాగుంది అని రాసి పంపాను, ఒక నమస్కారం బొమ్మ వచ్చింది. ఆ పై రోజు డబుల్ కాట్ వీడియో. అందులోనూ తప్పు లేదు. అయిదుసార్లు చూశాను, ఆరోసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. చాలా తెలివైన పిల్ల, ఒకసారి చెబితే పట్టేసింది. మళ్ళీ నమస్కారం బొమ్మ. ఫోన్ మోగలేదు.

ఇవాళ పొద్దున్న తొమ్మిదిన్నర నుంచీ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్లాను నాది. అది బాగా నడిస్తే నాకు అన్నం పెట్టిన కొట్టుకి మంచిది. ఆ పిల్ల నాకేమీ అపకారం చెయ్యలేదు. అయినా పదవుతుండగా, ఈ వీడియోలో ఎక్కడో ఒకచోట ఆమె తప్పు చెప్పి ఉండాలని ప్రార్థన చేశాను. సిగ్గేసింది. అయినా చేశాను.